కుటుంబ సినిమాకు యాస, ఆచారం అంత అవసరమా? మా అమ్మతో ‘బలగం’ చూశాక నా జవాబు

‘ఇంట్లో ప్రేమలు, గొడవలు ఎక్కడైనా ఒకటే కదా, కుటుంబ సినిమాలో ఏ ప్రాంతం, ఏ యాస, ఎవరి ఆచారం అన్నది అంత ముఖ్యమా?’ అని అడిగారు. ముఖ్యమే. ఎందుకో తెలియాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

మాది సిరిసిల్ల వైపు పల్లె. 2023 మార్చిలో ‘బలగం’ వచ్చింది. దర్శకుడు వేణు యెల్దండిదీ సిరిసిల్లే. ఆ ఎండాకాలంలో చాలా ఊళ్ళలో తెర కట్టి ఆ సినిమా వేశారు. మా ఊళ్ళో గ్రామపంచాయతీ ముందర వేస్తే, అమ్మ చాప పట్టుకుని ముందే వెళ్ళి కూర్చుంది. పది నిమిషాలు చూసి నా చెవిలో అడిగింది: “గీళ్ళు ఏ ఊరోళ్ళే? మనలెక్కనే మాట్లాడుతున్నరు.” యాక్టర్లే అమ్మా అంటే నమ్మలేదు. అరవై ఏళ్ళ మనిషి. తన మాట తెర మీద రౌడీ నోట్లోనో, నవ్వించేవాడి నోట్లోనో తప్ప ఇంటి పెద్ద నోట్లో వినలేదు.

సినిమాలో ఇంటి పెద్ద కొమురయ్య చనిపోయాక పిండం పెడితే పిట్ట ముట్టని సీను వచ్చింది. అప్పటిదాకా పిల్లల్ని అదిలిస్తూ, ముచ్చట్లు పెడుతూ ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా గప్‌చుప్. మా పక్కన కూర్చున్న ముసలామె తెర వైపు చేతులు జోడించి “ముట్టు బిడ్డా, ముట్టు” అంటోంది. అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

మా బాపు పోయిన మూడో రోజు మాకూ అంతే అయింది. చేపల పులుసు, సీసాలో కల్లు, బీడీ కట్ట, అన్నీ ఆయనకు ఇష్టమైనవే పెట్టి దూరంగా నిలబడ్డాం. గంటన్నర గడిచింది. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. చివరికి అమ్మ ముందుకు వెళ్ళి, “నీ బిడ్డ పెండ్లి నేను చేస్త, నువ్వు రందివెట్టుకోకు” అంది. అప్పుడు దిగింది కాకి. ఆ రోజు అమ్మ ఏడవలేదు. సినిమా అయ్యాక ఇంటికి నడిచి వస్తూ దారి పొడుగునా ఏడ్చింది. ఊరూ పేరూ లేని పెద్ద బంగళాలో, అందరూ ఒకేలా మాట్లాడే కుటుంబాన్ని చూపిస్తే ఆ ఏడుపు వచ్చేదా? నేనైతే రాదంటాను.

హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉన్నప్పుడు, “గట్ల, గిట్ల అను, ఒకసారి అను” అని నాతో అనిపించుకుని నవ్వేవాళ్ళు. మూడు నెలల్లో నా మాట నేనే మార్చేసుకున్నాను. అమ్మ ఫోన్ చేస్తే వరండాలోకి వెళ్ళి మాట్లాడేదాన్ని. సినిమాల్లో మా యాస నవ్వులాటగా ఉన్నందుకే నాకు ఆ సిగ్గు వచ్చిందని ఇప్పటికీ నా నమ్మకం. యాస పెడితే బయటి వాళ్ళకు అర్థం కాదనే మాట కూడా నేను ఒప్పుకోను. గుంటూరు నుంచి వచ్చిన నా కొలీగ్ ‘బలగం’ చూస్తూ ‘నల్లి బొక్క’ దగ్గర ఒక్కసారి ఆగి అడిగింది, వాళ్ళకు బొక్క అంటే రంధ్రం కదా. ఎముక అని చెప్పాను, అంతే. ఆ ఎముక కోసం బావా బామ్మర్దులు ఏళ్ళ తరబడి మాటలు మానేశారంటే మాత్రం వెంటనే అర్థమైంది, వాళ్ళ ఇంట్లోనూ ఉందట అలాంటి కథ.

చివర్లో ఏడిపించిన ఆ పాట పాడింది బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ. ఊరూరా తిరిగి కథలు చెప్పిన దంపతులు. వాళ్ళను పిలిచి పాడించడం ఆ సినిమా చేసిన గొప్ప పని. అయినా నాకు ఇంకా కావాలి. బాపు చావుకు డప్పు కొట్టడానికి వచ్చినాయన రాత్రంతా మా వాకిట్లోనే ఉన్నాడు. ఆయనకూ ముగ్గురు బిడ్డలు, అల్లుళ్ళ అలకలు, అన్నదమ్ముల పంపకాలు ఉన్నాయి. కుటుంబ సినిమాల్లో ఆయన డప్పు వినిపిస్తుంది, ఇల్లు కనిపించదు. మా ఇంటి వెనక దూదేకుల వాళ్ళ ఇల్లు ఉంది, పీర్ల పండగకు మేమంతా అక్కడే. వాళ్ళ ఇంటి కథతో ఒక కుటుంబ సినిమా వస్తే, అమ్మను తీసుకుని మొదటి రోజే వెళ్తాను.