రైజోబియం పట్టించినా వేరుశనగ చేనులో తేడా ఎందుకు కనిపించలేదు?

రెండేళ్లుగా వేరుశనగ విత్తనానికి రైజోబియం (గాలిలోని నత్రజనిని పంటకు అందించే బ్యాక్టీరియా ఉన్న పొడి) పట్టిస్తున్నానని, పట్టించిన సాళ్లకూ పట్టించని సాళ్లకూ తేడా ఏమీ లేదని, నేలలోని సూక్ష్మజీవులు పంటకు మేలు చేస్తాయని చెప్పేదంతా అమ్మకపు మాటలేనా అని మీరు అడిగారు. సరిగ్గా ఇదే అనుమానం కొన్నేళ్ల కిందట నాకూ కలిగింది. కదిరి ప్రాంతంలో మాకు నాలుగెకరాల ఎర్రనేల ఉంది. వాన మీద ఆధారపడి వేరుశనగ, అందులో కంది సాళ్లు వేస్తాం. తాడిపత్రి వైపు మా అత్తవారి ఊరిలో రెండెకరాల నల్లరేగడి కూడా నేనే చూసుకుంటున్నాను. ఈ రెండు నేలల్లో నాకు ఎదురైన అనుభవాలు ఒకదానికొకటి పొంతన లేనివి కాబట్టి, మీ ప్రశ్నకు నా జవాబు కూడా ఒక్క మాటలో తేలేది కాదు.

నేను మొదటి ఏడాది చేసిన పొరపాటు చిన్నదే, కానీ దానివల్ల ఆ పంటకాలమంతా తప్పు లెక్కలోనే ఉండిపోయాను. విత్తిన నలభై రోజులకు చేనులోకి వెళ్లి, రైజోబియం పట్టించిన సాళ్లలో నాలుగు చెట్లు, పట్టించని సాళ్లలో నాలుగు చెట్లు చేత్తో పట్టుకుని పీకాను. వేళ్ల మీద, ఆ బ్యాక్టీరియా కాపురముండే బుడిపెలు అక్కడక్కడ రెండు మూడు తప్ప ఏమీ లేవు. డబ్బు దండగైందనుకుని గట్టు మీద కూర్చుంటే, పక్క చేను పెద్దాయన వచ్చి, "అట్ల పీకితే ఏరు యాడొస్తాది నాయనా, సగం మట్టిలోనే నిలిచిపోతాది" అన్నాడు. ఆయనే పార తీసుకుని, చెట్టుకు జానెడు దూరంలో దించి, మట్టిపెళ్లతో సహా పైకి లేపి బకెట్టు నీళ్లలో పెట్టాడు. పావుగంటలో మట్టి తనంతట తాను విడిపోయింది. అప్పుడు చూస్తే, తల్లివేరు నుంచి పక్కవేళ్లు చీలే ప్రతి కణుపు దగ్గరా ఆవగింజంత, కొన్నిచోట్ల జొన్నగింజంత బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల ఎర్రజామకాయ రంగు, గోటికి అంటుకునే పలుచని ఎర్రని రసం. పట్టించని సాలులో చెట్టును కూడా అలాగే తీసి కడిగాం. దానికీ దాదాపు అన్నే బుడిపెలు, అదే ఎరుపు.

మీ చేనులో తేడా కనిపించకపోవడానికి మొదటి కారణం ఇదే అయి ఉండవచ్చునని నేను అనుకుంటున్నాను. వేరుశనగ వేళ్లలో కాపురం పెట్టే బ్రాడీరైజోబియం జాతి బ్యాక్టీరియా, తరతరాలుగా వేరుశనగ, అలసంద, పెసర, కంది వేస్తున్న మన నేలల్లో ముందునుంచే ఉంటుంది. వేరుశనగ ఎవరితోనైనా ఇట్టే పొత్తు కుదుర్చుకునే పంట; ప్యాకెట్టులోని బ్యాక్టీరియాతో కలిసినట్టే నేలలో ఉన్నదానితోనూ కలుస్తుంది. పైగా ఈ మొక్కలో బ్యాక్టీరియా ప్రవేశించే తీరు కూడా వేరు. చాలా పప్పుజాతి మొక్కల్లో అది వేరు నూగు కొన గుండా లోపలికి దారి చేసుకుంటుంది. వేరుశనగలో మాత్రం పక్కవేరు పుట్టుకొచ్చేటప్పుడు పైపొర చిట్లి ఏర్పడే పగులు గుండా చొరబడుతుంది. బుడిపెలన్నీ వేళ్లు చీలే చోటనే గుంపుగా కనబడేది అందుకే. ఆ పగులు ఏర్పడే వేళకు అక్కడ ఎవరు దగ్గరగా ఉంటే వారికే చోటు దొరుకుతుంది. ఏళ్ల తరబడి ఆ మట్టికి అలవాటుపడిన స్థానిక బ్యాక్టీరియాతో, నిన్న విత్తనానికి అంటించిన పొడి పోటీ పడి నెగ్గడం అంత తేలిక కాదు.

నల్లరేగడిలో నేను చూసింది దీనికి పూర్తిగా భిన్నం. ఆ ముక్కలో అంతకు ముందు పత్తి, పొద్దుతిరుగుడు తప్ప శనగ ఎన్నడూ వేయలేదు. శనగ తన జతగాడి విషయంలో బాగా పట్టింపు ఉన్న పంట. దానికి మీసోరైజోబియంలోని ప్రత్యేక రకాలే కావాలి, వేరుశనగకు సరిపోయే బ్యాక్టీరియా దానికి పనికిరాదు. మొదటి ఏడాది రైజోబియం పట్టించిన విత్తనం చాలక చివరి ఆరు సాళ్లకు పొరుగువారి దగ్గర శనగలు తెచ్చి ఏమీ పట్టించకుండా వేశాను. నెల దాటేసరికి ఆ ఆరు సాళ్లు లేతపసుపు గీతలా గట్టు మీది నుంచే కనిపించాయి. తవ్వి చూస్తే వేళ్లు నున్నగా ఉన్నాయి. ఆదిలాబాదు ప్రాంతంలో సోయాచిక్కుడు వేసే రైతులకు కూడా ఇది తెలిసే ఉంటుంది. మన నేలలకు కొత్తదైన ఆ పంటను మొదటిసారి వేసేటప్పుడు దాని బ్యాక్టీరియాను విత్తనంతోపాటు మనమే తీసుకువెళ్లాలి.

ఇక ఆ ఎరుపు సంగతి. గాలిలో 78 శాతం నత్రజనే అయినా, దాన్ని మొక్క నేరుగా వాడుకోలేదు. విడదీయడానికి నైట్రోజినేజ్ అనే ఎంజైము కావాలి, అది బ్యాక్టీరియా దగ్గరే ఉంది. ఆ ఎంజైముకు ప్రాణవాయువు తగిలితే పాడైపోతుంది, కానీ బ్యాక్టీరియా బతకడానికి మాత్రం ప్రాణవాయువు కావాలి. ఈ చిక్కును విప్పడానికి బుడిపెలో లెగ్ హీమోగ్లోబిన్ తయారవుతుంది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌లాగే ఇది ప్రాణవాయువును పట్టి ఉంచి, కొద్దికొద్దిగా వదులుతుంది. కోసినప్పుడు బుడిపె ఎర్రగా ఉంటే పని జరుగుతున్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా లేతదో, పనికిరాని రకమో. ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే ముసలిదైపోయినట్టు. కాయ ఊరే దశలో చాలా బుడిపెలు ఎలాగూ పచ్చబడతాయి, కాబట్టి 35 నుంచి 50 రోజుల మధ్య చూడడమే మంచిది. నులిపురుగుల వల్ల వచ్చే ఉబ్బులను చూసి బుడిపెలనుకుని సంతోషించేవారూ ఉన్నారు: బుడిపె వేరు పక్కన అతుక్కుని ఉండి, వేలితో రుద్దితే రాలుతుంది; నులిపురుగు ఉబ్బులో వేరే లావెక్కి ఉంటుంది, రాలదు.

బఠానీ వంటి పప్పుజాతి మొక్కలు ఈ బుడిపెల ద్వారానే గాలి నత్రజనిని వాడుకుంటాయని 1888లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ నిరూపించారు. అయితే ఈ పొత్తును మనం అనుకునేటంత ధర్మకార్యంగా భావించనక్కరలేదు. మొక్క ఆకుల్లో తయారుచేసుకున్న చక్కెరలో కొంత భాగాన్ని ఖర్చుపెట్టి ఈ బ్యాక్టీరియాను పోషిస్తుంది. ఇచ్చినదానికి ప్రతిఫలం రాకపోతే ఊరుకోదు. 2003లో అమెరికాలో సోయాచిక్కుడు మీద జరిగిన పరిశోధనలో, కొన్ని బుడిపెల చుట్టూ నత్రజని బదులు ఆర్గాన్ వాయువు నింపి, బ్యాక్టీరియా పనిచేయాలన్నా చేయలేని పరిస్థితి కల్పించారు. మొక్క ఆ బుడిపెలకు ప్రాణవాయువు తగ్గించింది, లోపలి బ్యాక్టీరియా సరిగా వృద్ధి చెందలేదు. దీన్ని మన చేనుకు అన్వయించుకుంటే యూరియా విషయం అర్థమవుతుంది: నత్రజని నేలలోనే ధారాళంగా దొరికినప్పుడు, చక్కెర ఖర్చుపెట్టి బుడిపెలను పెంచుకోవలసిన అవసరం మొక్కకు ఉండదు. వర్షాధార వేరుశనగకు ఎకరాకు 8 కిలోల నత్రజనే సిఫార్సు చేసేది ఇందుకే. అది మొలక దశ గడవడానికి మాత్రమే. మా వైపు పైరు కాస్త పాలిపోగానే యూరియా చల్లే అలవాటు ఉంది, నేనూ చల్లాను, ఆ ఏడాది బుడిపెలు తగ్గాయి.

మీరు కొన్న ప్యాకెట్టులో ప్రాణం ఉందా అన్నది వేరే ప్రశ్న. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొడి రూపంలోని రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు ఉండాలి. కానీ మే నెలలో రేకుల షెడ్డు కింద వారాల తరబడి పడి ఉన్న ప్యాకెట్టులో ఎన్ని మిగులుతాయో ఊహించుకోవచ్చు. ఒక దుకాణంలో నాకు ఇచ్చిన ప్యాకెట్టు చేతికి వెచ్చగా తగిలింది, అయినా కొన్నాను, ఆ తప్పు నాదే. అంతకంటే పెద్ద తప్పు మరొకటి చేశాను: పని కలిసివస్తుందని మాంకోజెబ్ అనే శిలీంద్రనాశినిని, రైజోబియాన్ని ఒకే తొట్టిలో కలిపి విత్తనానికి పట్టించి, ఎండలో ఆరబెట్టాను. శిలీంద్రనాశిని ముందు పట్టించి, అది ఆరాక, విత్తే ముందు చివరగా బెల్లం నీళ్లతో రైజోబియం పట్టించి, నీడలో ఆరబెట్టి, వెంటనే పదునులో విత్తుకోవాలి. మీరు ఏ వరుసలో చేశారో మీ ప్రశ్నలో రాయలేదు.

నిజానికి మా ఎర్రనేలలో నత్రజని కంటే నన్ను ఎక్కువగా వేధించింది భాస్వరం. బుడిపెలు పనిచేయాలన్నా భాస్వరం కావాలి. మనం వేసిన డీఏపీలోని భాస్వరంలో చాలా భాగం ఎర్రనేలల్లోని ఇనుముతో, అల్యూమినియంతో ముడిపడి బిగుసుకుపోతుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదాన్ని తీసుకున్నాక, అవతలిది దానంతట అది నడిచి రాదు. అక్కడ పనికొచ్చేది మైకోరైజా అనే శిలీంద్రం. వేరులోపల ఒక కొన, మట్టిలో మరో కొన పెట్టుకుని, వేరు దూరలేని సందుల్లోకి వెంట్రుకకంటే ఎన్నో రెట్లు సన్నని పోగులు పాకించి, భాస్వరాన్ని తెచ్చి ఇస్తుంది, బదులుగా చక్కెర తీసుకుంటుంది. ఆవజాతి మొక్కలు, పాలకూర వంటివి కొన్ని తప్ప మన పంటల్లో చాలావాటికి ఈ పొత్తు ఉంది. బతికున్న వేరు లేకుండా ఈ శిలీంద్రం పెరగలేదు. మా చేలేమో వేరుశనగ తీసిన దగ్గర నుంచి మళ్లీ వానలు పడేదాకా బోడిగా ఎండుతూ ఉండేవి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు వానలకు ముందే నవధాన్యాలు పొడి విత్తనంగా చల్లడాన్ని నేను మొదట వేళాకోళం చేసినవాడినే. ఇప్పుడు రెండెకరాల్లో చల్లుతున్నాను; మొలిచేది పలుచగానే అయినా, నేలలో వేరు లేని నెలలు తగ్గాయి.

కంది సాళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మా తాత ఏడు సాళ్లకు ఒక సాలు కంది ఎందుకు వేసేవాడో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జరిగి 1990లో వెలువడిన పరిశోధనలో తేలిందేమంటే, కంది వేళ్లు పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని వదులుతాయి. అది ఇనుమును పట్టుకుని, దానితో ముడిపడిన భాస్వరాన్ని విడిపిస్తుంది. అంటే ఇతర పంటలకు అందని భాస్వరాన్ని కంది తవ్వుకుంటుంది, దాని ఆకు రాలి కుళ్లినప్పుడు అందులో కొంత పక్క పంటకూ దక్కుతుంది. అందుకే కందికట్టెను వంటచెరకుగా తెచ్చుకున్నా, ఆకును మాత్రం చేనులోనే రాల్చి తెస్తున్నాం.

నేలలోని జీవులన్నీ మనవైపే ఉంటాయనుకుంటే మాత్రం దెబ్బతింటారు. ఒక ఏడాది సేంద్రియ పదార్థం పెంచాలన్న ఉత్సాహంతో, సగం కూడా మాగని పేడ, వేరుశనగ తొక్కు కలిపి ఎకరా నిండా తోలించాను. పైరు ముందు పాలిపోయింది. ఎండు తొక్కులో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ కావడంతో, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమ ఒంటికి కావలసిన నత్రజనిని నేలలోంచే లాక్కున్నాయి. పచ్చిపేడకు వేరుపురుగు చేరింది. ఆపైన, ఊడలు (చివర కాయ కట్టే కాడలు) నేలలోకి దిగే సమయానికి కాండం కుళ్లు వచ్చింది: చెట్టు మొదట్లో దూదిలాంటి తెల్లని బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గోధుమరంగు గుళ్లు. కుళ్లని చెత్త మీద స్క్లెరోషియం రాల్ఫ్‌సై అనే ఆ శిలీంద్రం బలం పుంజుకుని చెట్టుకు ఎక్కుతుంది. తరువాతి ఏడాది 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్లు చిలకరించి, చెట్టు నీడన గోనె కప్పి పది రోజులు ఉంచాను. గోనె తీస్తే కుప్పంతా పచ్చని బూజు. దాన్ని ఆఖరి దుక్కిలో చల్లాక జబ్బు పూర్తిగా పోలేదు, కానీ ఎకరాలో అక్కడక్కడ కొన్ని చెట్లకే పరిమితమైంది. ట్రైకోడెర్మా కూడా శిలీంద్రమే, ఇతర శిలీంద్రాల పోగులను చుట్టుకుని తినేస్తుంది. అయితే దానికీ తిండి, తేమ, నీడ కావాలి, ఎండు నేల మీద పొడిగా చల్లితే ఏమీ జరగదు.

ఈ ఏడాది మీరు మరో ప్యాకెట్టు కొనేముందు ఒక పని చేయండి. పట్టించిన చేనులో ఐదు చోట్ల, పట్టించని చేనులో ఐదు చోట్ల, నలభయ్యో రోజున, నేలలో పదును ఉన్నప్పుడు, పారతో పెళ్లగా లేపి, నీళ్లలో నానబెట్టి, బుడిపెలు కోసి చూడండి. రెండుచోట్లా ఎర్రగా, గుత్తులుగా ఉంటే మీ నేలలో తగినంత బ్యాక్టీరియా ఉన్నట్టే. ఆ డబ్బును మాగిన ఎరువు మీద, ఊడల దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మీద పెట్టుకోవచ్చు. రెండుచోట్లా తెల్లగానో, అసలు లేకుండానో ఉంటే యూరియా ఎంత వేశారో, వరుసగా ఎన్ని రోజులు బెట్ట తగిలిందో చూసుకోవాలి. నా మటుకు నేను కదిరి చేనుకు రైజోబియం కొనడం మానేశాను. తాడిపత్రి శనగకు మాత్రం ప్రతి ఏడాదీ తెస్తున్నాను, తడిగుడ్డ చుట్టిన సంచిలో, విత్తే ముందురోజు సాయంత్రం.