ఇంజన్ విప్పకుండా లోపల చూడటం ఎలా?

ప్రశ్న: విమానం ఇంజన్‌ను విప్పకుండానే బోర్‌స్కోప్‌తో లోపలి బ్లేడ్లను పరీక్షిస్తారని విన్నాను. అంత ఇరుకులో పగులును ఎలా గుర్తుపడతారు? పగులు కనబడితే ఇంజన్ మార్చవలసిందేనా?

జవాబు: జెట్ ఇంజన్ పైతొడుగు మీద, కంప్రెసర్, దహన గది, టర్బైన్ భాగాలకు ఎదురుగా, మూతలు బిగించిన చిన్న రంధ్రాలను తయారీదారులే వదిలిపెడతారు. ఇంజన్ తగినంత చల్లారిన తరువాత ఆ మూత తీసి, కొనలో కెమెరా, దీపం ఉన్న సన్నని గొట్టాన్ని, అంటే బోర్‌స్కోప్‌ను, లోపలికి పంపుతారు. సాధారణంగా దాని మందం 4 నుంచి 6 మిల్లీమీటర్లు ఉంటుంది. గొట్టం ఒకచోటే ఉంటుంది కాబట్టి బ్లేడ్లే దాని ముందుకు రావాలి. అందుకని ఒకరు గేర్‌బాక్స్ దగ్గర రోటర్‌ను (బ్లేడ్లు అమర్చిన, తిరిగే భాగాన్ని) మెల్లగా తిప్పుతుంటే, ఇంకొకరు తెర మీద ఒక్కొక్క బ్లేడునూ లెక్కపెడుతూ చూస్తారు. లెక్క తప్పితే ఏదో ఒక బ్లేడును చూడకుండానే వదిలేసే ప్రమాదం ఉన్నందున, మొదలుపెట్టిన బ్లేడు మళ్లీ వచ్చేదాకా ఓపిక పట్టక తప్పదు.

అసలు కష్టం చూసినదాన్ని అర్థం చేసుకోవడంలో ఉంది. బ్లేడు అంచున నల్లని గీత కనిపించిందనుకోండి. అది పగులు కావచ్చు, పేరుకున్న మసి కావచ్చు, పైపూత మీద పడిన గీత కావచ్చు. అనుభవజ్ఞుడు వెంటనే తీర్పు చెప్పడు. కొనను వంచి వేరే కోణం నుంచి వెలుగు పడేలా చేసి, మరింత దగ్గరికి జరిపి, ఆ గీత అంచులకు లోతు ఉందో లేదో చూస్తాడు. మెరిసే లోహం మీద వెలుగు ఎక్కువైతే నిజమైన పగులు కూడా ఆ మెరుపులో కలిసిపోతుంది. పైగా బోర్‌స్కోప్ చూపేది ఉపరితలాన్ని మాత్రమే. లోహం లోపల దాగిన లోపాలకు అల్ట్రాసోనిక్ (ధ్వని తరంగాలతో చేసేది) వంటి ఇతర పరీక్షలు కావాలి.

పగులు కనబడగానే ఇంజన్ మార్చాలన్న నియమం లేదు. ఏ భాగంలో ఎంత పొడవు పగులును అనుమతించవచ్చో తయారీదారు మాన్యువల్ చెబుతుంది. పరిమితిలో ఉంటే, తక్కువ గంటల వ్యవధిలో మళ్లీ చూడాలన్న షరతుతో ఎగరనివ్వవచ్చు. పరిమితి దాటితే ఇంజన్‌ను దించవలసిందే. కాబట్టి కొలత లేని ఫొటో, ఎంత స్పష్టంగా ఉన్నా, నిర్ణయానికి చాలదని నా అభిప్రాయం.

ప్రశ్న: తయారీలో కూడా దీన్ని వాడతారా?

జవాబు: వాడతారు. డ్రిల్లింగ్ చేసిన రంధ్రాల లోపల మిగిలిన లోహపు ముళ్లను, గొట్టాల లోపలి వెల్డింగ్‌ను, మూసేసిన అరల్లో మరచిపోయిన వస్తువులను ఇలా పట్టుకోవచ్చు. 2020 ఫిబ్రవరిలో, అప్పటికింకా డెలివరీ కాని కొన్ని బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల ఇంధన ట్యాంకుల్లో తయారీ సమయంలో మిగిలిన వస్తువులు బయటపడ్డాయి.

ప్రశ్న: ఈ పరీక్ష వల్లనే ఇంజన్‌కు హాని జరగవచ్చా?

జవాబు: జరగవచ్చు, జరిగింది కూడా. 1995 ఫిబ్రవరి 23న బ్రిటన్‌లో ఒక బోయింగ్ 737-400 గాలిలో ఉండగా రెండు ఇంజన్లలోనూ ఆయిల్ దాదాపు పూర్తిగా కారిపోయింది. ముందటి రాత్రి రెండింటికీ బోర్‌స్కోప్ పరీక్ష చేసి, రోటర్ తిప్పడానికి గేర్‌బాక్స్ దగ్గర తీసిన మూతలను తిరిగి బిగించలేదు. విమానం లూటన్‌లో సురక్షితంగా దిగింది. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది, ఒకే పొరపాటు రెండు ఇంజన్లలోనూ జరగడం. రెండింటికీ ఒకే రాత్రి ఒకే మనిషి పని చేయకూడదన్న జాగ్రత్త అందుకే. పని ముగిశాక ఇంజన్‌ను నేల మీదే కాసేపు నడిపి ఆయిల్ కారుతోందేమో చూసే పరీక్ష ఒకటి ఉంటుంది; ఆ రాత్రి అది జరగలేదు.