అప్పలూసా పిల్లకు మచ్చలు రాలేదేం?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. మా బే రంగు (గోధుమ ఒళ్లు, నల్ల జూలు) ఆడగుర్రాన్ని, తెల్లటి ఒంటినిండా నల్ల మచ్చలున్న అప్పలూసా జాతి మగగుర్రంతో దాటించాం. పుట్టిన పిల్లకు ఒక్క మచ్చా లేదు. ఈసారి దాదాపు పూర్తిగా తెల్లగా ఉండే అప్పలూసాతో దాటిస్తే మచ్చలు ఖాయమంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: చాలావరకు నమ్మవచ్చు. అయితే ఆ తెల్ల గుర్రానికి రేచీకటి ఉంటుంది. అది తెలిసే దాటించండి.

అప్పలూసా మచ్చల వెనక ముఖ్యంగా రెండు జన్యువులున్నాయి. ఒకటి ఎల్‌పీ (లెపర్డ్ కాంప్లెక్స్), అది ఉంటేనే మచ్చలు. ఒంటిమీద తెలుపు ఎంత మేర పరుచుకోవాలో రెండోదైన ప్యాటర్న్-1 తేలుస్తుంది. ఎల్‌పీ లేని గుర్రంలో ప్యాటర్న్-1 ఉన్నా పైకి ఏమీ కనిపించదు, కాబట్టి మీ బే గుర్రంలోనూ అది దాగి ఉండవచ్చు. ఏ జన్యువైనా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులుగా వస్తుంది. ఒంటినిండా మచ్చలున్న గుర్రంలో ఎల్‌పీ ఒక్క ప్రతే ఉంటుంది. అందుకే దాని పిల్లల్లో సగానికి ఎల్‌పీ అందదు. మీకు జరిగింది ఇదే కావచ్చు, మోసమేమీ కాదు. ప్యాటర్న్-1తో పాటు ఎల్‌పీ రెండు ప్రతులు ఉంటే మాత్రం మచ్చలు తగ్గి ఒళ్లు దాదాపు తెల్లబడుతుంది. మచ్చల జన్యువు రెట్టింపైతే మచ్చలు మాయమవడం వింతే! అలాంటి గుర్రం ప్రతి పిల్లకూ ఒక ఎల్‌పీ ఇచ్చి తీరుతుంది. ఎంత మచ్చ వస్తుందో మాత్రం ప్యాటర్న్-1ను బట్టి ఉంటుంది.

మీ పిల్లను ఇప్పుడే మచ్చలు లేనిదని తేల్చేయకండి. మూతి, మలద్వారం, జననాంగాల దగ్గర గులాబీ, నలుపు కలగలిసిన చర్మం ఉందా? కనుగుడ్డు చుట్టూ తెలుపు కనిపిస్తోందా? తెల్లకాలు కాని కాలి గిట్టపై నిలువు చారలున్నాయా? (తెల్లకాలి గిట్ట చారలను లెక్కలోకి తీసుకోకండి.) ఇవి ఉంటే ఎల్‌పీ ఉన్నట్టే, వెంట్రుకలు రాలి మారే కొద్దీ ఏడాదికేడాది తెలుపు కలుస్తుంది, ముక్కు, దవడ, తుంటి ఎముకల మీద మాత్రం రంగు ముదురుగా నిలుస్తుంది. అనుమానం తీరాలంటే జూలు నుంచి వేళ్లతో సహా 20-30 వెంట్రుకలు పీకి కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్ విశ్వవిద్యాలయ పశు జన్యు ప్రయోగశాలకు పంపండి. ఎల్‌పీ, ప్యాటర్న్-1 రెండూ పరీక్షిస్తారు. తండ్రికి గ్రే జన్యువు ఉందేమో కూడా అడగండి. అది ఉంటే వయసుతో మచ్చలన్నీ వెలిసిపోతాయి.

ఇక రేచీకటి. ఎల్‌పీ అనేది నిజానికి టీఆర్‌పీఎం1 అనే జన్యువులో వచ్చిన మార్పు. ఆ జన్యువు కంటి వెనక పొర రెటీనాలో, మసక వెలుతురు సంకేతాన్ని ముందుకు పంపే కణాల్లోనూ పని చేస్తుంది. రెండు ప్రతులూ ఎల్‌పీ అయితే ఆ సంకేతం తెగిపోతుంది. ఇది పుట్టుకతోనే వస్తుంది, పెరగదు, మందు లేదు. అలాంటి గుర్రాన్ని చీకటి పడకముందే కొట్టంలోకి తోలండి, ముళ్ల తీగ కంచె వద్దు, తొట్టి స్థానం మార్చకండి, రాత్రి దగ్గరికి వెళ్లేటప్పుడు ముందు పలకరించండి. ఎల్‌పీ ఒక్కో ప్రతి ఉన్న మచ్చల గుర్రాలను ఒకదానితో ఒకటి కలిపితే ఇలాంటి పిల్ల పుట్టే అవకాశం నాలుగింట ఒకటి, కాబట్టి మీ బే గుర్రమే జోడీగా మేలు.

రేచీకటి లేకున్నా కళ్లను గమనిస్తూ ఉండండి. ఈ జాతిలో యువైటిస్ (కంటి లోపలి వాపు) ఇతర జాతులకన్నా చాలా ఎక్కువ, పైగా నొప్పి కనిపించకుండానే చూపు తీసుకుపోతుంది. కన్ను నీరు కారినా, మసకబారినా, పాప కుంచించుకున్నా ఆ రోజే వైద్యుడికి చూపించండి. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ చుక్కలు వేయకండి. కంటిపొర మీద పుండు ఉంటే అవి దాన్ని ముదరబెడతాయి.