మెకినన్ గీత దాటకుండా ఎందుకు ఆగాడు?

2023 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్) ఫిలడెల్ఫియాతో 35–35తో సమంగా ఉన్నప్పుడు, కాన్సాస్ సిటీ ఆటగాడు జెరిక్ మెకినన్ చేజిక్కిన టచ్‌డౌన్‌ను (బంతితో గోల్ గీత దాటితే వచ్చే 6 పాయింట్లు) వదులుకొని గీతకు 2 గజాల దూరంలోనే ఎందుకు కూర్చుండిపోయాడని మీరు అడిగారు. అతడు గీత దాటి ఉంటే, ఫిలడెల్ఫియాకు బంతితోపాటు స్కోరు సమం చేయడానికి సుమారు నిమిషంన్నర సమయం దక్కేది. మైదానం లోపలే నేలకు ఒరిగినందువల్ల బంతి కాన్సాస్ సిటీ చేతిలోనే ఉండి, మిగిలిన సమయాన్ని కరిగించే వీలు చిక్కింది. ఆపై ఒక్కో ప్రయత్నం (ప్లే) మొదలుపెట్టడానికి దొరికే 40 సెకన్ల గడువును చివరిదాకా వాడుకుంటూ, జట్టు క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) మహోమ్స్ రెండుసార్లు ముందుకు సాగకుండా నేలకు మోకాలు ఆనించి ప్రయత్నాన్ని ముగించాడు. 8 సెకన్లు మిగిలి ఉండగా జట్టు కిక్కర్ బట్కర్ 27 గజాల ఫీల్డ్ గోల్ (స్తంభాల మధ్యకు బంతిని తన్ని సాధించే 3 పాయింట్లు) పూర్తిచేయడంతో కాన్సాస్ సిటీ 38–35తో గెలిచింది. అదే బట్కర్ తొలి క్వార్టర్‌లో 42 గజాల కిక్‌ను గోల్‌స్తంభానికి కొట్టి విఫలమయ్యాడు కనుక ఇందులో ప్రమాదం లేకపోలేదు. అయినా అంత దగ్గరి కిక్‌ను నమ్ముకోవడమే సరైన నిర్ణయమని నా దృఢాభిప్రాయం.