ఎట్రస్కన్ భాషని చదవగలిగినా అర్థం చేసుకోలేకపోతున్నాం, ఎందుకు?

లిపి అసలు సమస్యే కాదు. రోమ్ కంటే ముందే ఇటలీలో వెలిగిన ఎట్రస్కన్లు గ్రీకుల దగ్గర అక్షరాలు తీసుకున్నారు, కాబట్టి వాళ్ల శాసనాల్ని పైకి చదివేయొచ్చు. చిక్కంతా అర్థం దగ్గరే. ఈ భాషకి లాటిన్‌తో గానీ గ్రీకుతో గానీ చుట్టరికం లేదు. లెమ్నోస్ దీవి భాష, ఆల్ప్స్ ప్రాంతపు రేటిక్ దీనికి బంధువులే గానీ, వాటి గురించి తెలిసిందీ అంతంతమాత్రమే.

అందుకే రెండు భాషల్లో రాత దొరికితే పండగే. 1964లో ఇటలీ తీరంలోని పిర్గిలో మూడు బంగారు రేకులు బయటపడ్డాయి. రెండు ఎట్రస్కన్‌లో, ఒకటి మనకి అర్థమయ్యే ఫినీషియన్‌ భాషలో. కైరె అనే ఎట్రస్కన్ నగర పాలకుడు దేవతకి చేసిన సమర్పణ గురించి. ఫినీషియన్‌లో ఏలుబడి మూడో ఏడాది అని ఉన్నచోట ఎట్రస్కన్‌లో ‘కి’ ఉంది. దాంతో ‘కి’ అంటే మూడు అని ఖాయమైంది. అయితే అది మాటకి మాట అనువాదం కాదు, ఈజిప్టు లిపి గుట్టు విప్పిన రొసెట్టా రాయి లాంటిది దొరికిందని సంబరపడటానికి లేదు.

మిగతాది చాలావరకు సమాధుల పుణ్యమే. పేరు, తల్లిదండ్రులు, చనిపోయిన వయసు: వేల శాసనాల్లో ఇదే వరస. అందుకే ‘క్లాన్’ అంటే కొడుకు, ‘అవిల్’ అంటే ఏడాది అని ధీమాగా చెప్పగలం. ఇంట్లో ఏం మాట్లాడుకునేవారో మాత్రం తెలీదు. అన్నిటికన్నా పొడవైన రాత క్రొయేషియాలోని జాగ్రెబ్ మ్యూజియంలో ఉంది, విచిత్రంగా ఈజిప్టు మమ్మీకి చుట్టిన నారబట్ట మీద. అదీ పూజల క్యాలెండరే.