డయాలసిస్ మానేస్తేనే విశ్వాసం ఉన్నట్టా?

శ్రీకాకుళం జిల్లా కంచిలి వైపు పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశం ఇది: "మా ఆయనకి 46 ఏళ్లు. రెండు కిడ్నీలూ పాడైపోయాయి. ఏడాదిన్నరగా సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ చేయిస్తున్నాం. మొన్న గురువారం స్వస్థత కూటానికి వెళ్లాం. దైవజనుడు తల మీద చెయ్యి వేసి ప్రార్థించి, 'మిషనా, యేసా? తేల్చుకో' అన్నారు. ఈయన స్టేజీ మీదే సాక్ష్యం చెప్పేశారు. శుక్రవారం డయాలసిస్‌కి వెళ్లలేదు. ఒళ్లు తేలిగ్గా ఉందంటున్నారు. విత్తన కానుకగా యాభై వేలు ఇస్తే స్వస్థత నిలబడుతుందట, కొబ్బరి తోట తాకట్టు పెడదామంటున్నారు. మా అత్తేమో మతం మారినందుకే అమ్మోరికి కోపం వచ్చిందని రోజూ సాధిస్తోంది. నాకు భయంగా ఉంది. భయపడితే విశ్వాసం లేనట్టేనా? దేవుడు మమ్మల్ని ఎందుకు కనికరించడం లేదు?"

అమ్మా, మీరు అడిగినవాటన్నిటికీ జవాబు చెబుతాను. అయితే ముందు డయాలసిస్ సెంటర్‌కి ఫోన్ చేసి రండి. "శుక్రవారం తప్పింది, ఏ షిఫ్టులో ఖాళీ ఉంటే అందులో పెట్టండి" అని అడగండి. మీ వంతు రోజు వచ్చేదాకా ఆగొద్దు. పడుకుంటే ఆయాసం రావడం, కాళ్లలో సత్తువ లేకపోవడం, గుండె దడ, ముఖం ఉబ్బడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే 108కి ఫోన్ చెయ్యండి. రక్తంలో పొటాషియం బాగా పెరిగితే పైకి ఏ గుర్తూ లేకుండానే గుండె ఆగిపోవచ్చు. అందుకే "నాకు బాగానే ఉంది" అన్న మాటను పట్టుకుని కూర్చోకూడదు.

ఆయన ఒళ్లు తేలిగ్గా ఉండటానికి ఒక కారణం బుధవారం చేయించిన డయాలసిస్. నాలుగు గంటల్లో వడకట్టిన నీరూ విషాలూ మళ్లీ పేరుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. గురువారం సాయంత్రం కూటంలో కూర్చున్నప్పుడు ఆయన వారం మొత్తంలో బాగుండే వేళలో ఉన్నారు. ప్రార్థనలో ఆయనకు దొరికిన నెమ్మదిని నేను కాదనడం లేదు, అది నిజమే. కిడ్నీ మళ్లీ పనిచేస్తోందనడానికి మాత్రం అది రుజువు కాదు.

ఇక మీ భయం సంగతి. మార్కు 9లో దయ్యం పట్టిన కొడుకును తెచ్చిన తండ్రి, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. యేసు ఆయన్ని గద్దించి పంపెయ్యలేదు, పిల్లవాణ్ని బాగుచేశాడు. మీ భర్త ప్రాణం గురించి మీరు పడే భయం ప్రేమలోంచి వచ్చింది. దాన్ని పాపం లెక్కలో వెయ్యకండి.

"మిషనా, యేసా" అన్న ప్రశ్నే తప్పు. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమని లేఖనం ఎక్కడా అడగలేదు. హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఉన్నప్పుడు దేవుడు ఆయన కన్నీళ్లు చూసి ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. ఆ మాట తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20). దేవుడి వాగ్దానమూ, ఆనాటి వైద్యమూ ఒకే మంచం దగ్గర ఉన్నాయి. మందు వేసినందుకు హిజ్కియా విశ్వాసం తగ్గిందని దేవుడు అనలేదు. అపవాది యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారు అన్నప్పుడు వాడు కూడా వాక్యమే ఎత్తి చూపాడు. ప్రభువైన నీ దేవుణ్ని శోధించకూడదని యేసు జవాబిచ్చాడు. డయాలసిస్ ఆపేసి దేవుడు ఏం చేస్తాడో చూద్దామనడం ఆ శిఖరం మీంచి దూకడమే.

మీ సోంపేటలోనే ఆరోగ్యవరం ఆసుపత్రి ఉంది. కెనడా బాప్టిస్టు మిషనరీ డాక్టరు బెన్ గల్లిసన్ అక్కడ కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆయన సేవ చూసి కదిలిన ఆర్ట్ జెంకిన్స్ 1963లో కెనడాలోని కాల్గరీలో కంటి వైద్యానికి సాయపడే ఆపరేషన్ ఐసైట్ సంస్థను మొదలుపెట్టారు. మన ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్లు ఆసుపత్రులూ కట్టారు. ఒకే ఊళ్లో ఒకే మనుషులు ప్రార్థనా చేశారు, కత్తీ పట్టారు.

మరి దేవుడు నేరుగా స్వస్థపరచడా? పరుస్తాడు. నేను దాన్ని నమ్ముతాను, దాని కోసం ప్రార్థిస్తాను. అలాంటిది జరిగితే పరీక్షకు నిలబడుతుంది. పదిమంది కుష్ఠరోగుల్ని యేసు యాజకులకు చూపించుకోమన్నాడు. అప్పట్లో రోగం పోయిందో లేదో చూసి తేల్చేది యాజకులే. లేవీయకాండం 14 ప్రకారం ఆ తతంగం ముగియడానికి ఎనిమిదో రోజు దాకా పట్టేది. మీరూ అలాగే చెయ్యండి. రోజుకి మూత్రం ఎంత వస్తోందో ఒక సీసాలో పట్టి 24 గంటలు కొలవండి. క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం), పొటాషియం పరీక్షలకు రక్తం డయాలసిస్ మొదలుపెట్టక ముందే తీయించండి. ఇక్కడే చాలామంది మోసపోతారు. డయాలసిస్ అయిన వెంటనే పరీక్ష చేయిస్తే ముందు 9 ఉన్న క్రియాటినిన్ మూడూ నాలుగుకి దిగి కనిపిస్తుంది. ఆ కాగితం చూపించి స్వస్థత అని చాటితే అది అబద్ధ సాక్ష్యం అవుతుంది. మూత్రం పెరిగి, డయాలసిస్‌కి ముందు చేసిన పరీక్షల్లో వరుసగా అంకెలు దిగుతూ వస్తే, సెషన్లు తగ్గించాలో ఆపాలో నెఫ్రాలజిస్టే (కిడ్నీ డాక్టరే) చెబుతారు. ఆ రోజు వస్తే స్టేజీ ఎక్కి చెప్పుకోండి, మేమంతా కలిసి స్తోత్రం చేస్తాం.

మీ చివరి ప్రశ్న అన్నిటికన్నా బరువైనది. పౌలు ఒంటిని తాకిన చేతిగుడ్డలతో ఎఫెసులో రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యములు 19 చెబుతోంది. అదే పౌలు తన శరీరంలోని ముల్లు పోవాలని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది. పౌలు తోటి సేవకుడు త్రోఫిము రోగంతో ఉంటే మిలేతులో విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఇంకో తోటి సేవకుడు ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లాడు, దేవుడు అతణ్ని కనికరించాడని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు. ఎవరి విశ్వాసం ఎక్కువో ఎవరిది తక్కువో పౌలు లెక్క కట్టలేదు. అపొస్తలుల కార్యములు 12లో యాకోబు కత్తికి బలయ్యాడు, పేతురు చెరసాలలోంచి బయటపడ్డాడు. ఇద్దరిదీ ఒకే సంఘం. స్వస్థత రాకపోతే కనికరం లేనట్టే అన్న లెక్క బైబిల్లో లేదు. మీ ఆయన ఏడాదిన్నరగా మీ మధ్య ఉన్నారంటే, అది వారానికి మూడుసార్లు మీకు అందిన కనికరమే అని నేను నమ్ముతాను.

అత్తగారితో వాదం పెట్టుకోకండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ ఉద్దానం మండలాల్లో అమ్మోరికి ఏటా మొక్కులు చెల్లించే ఇళ్లలోనూ ఈ కిడ్నీ జబ్బు ఉంది, చర్చికి వెళ్లే ఇళ్లలోనూ ఉంది. ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నా దీనికి ఫలానాదే కారణమని తేలలేదు. ఎవరి పాపం వల్ల గుడ్డివాడు పుట్టాడని శిష్యులు అడిగితే, వీడి పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదు అన్నాడు యేసు. ఆ మాట ఇంట్లో ఒక్కసారి నెమ్మదిగా చెప్పి ఊరుకోండి. ఆమెకు వంటింటి పెత్తనం ఇవ్వండి. కూరగాయలు చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. అప్పుడు పొటాషియం కొంత పోతుంది. ఎండు చేపలు, ఊరగాయ కంచంలోకి రాకూడదు. తాగే నీరు ముందురోజు వచ్చిన మూత్రానికి అర లీటరు కలిపితే ఎంతో అంతే, అందులోనే టీ, మజ్జిగ, చారు. కొడుకు కోసం ఆమె ఈ పని మీకన్నా శ్రద్ధగా చేస్తుందని నా నమ్మకం.

ఆదివారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సోమ, బుధ, శుక్రవారాల వాళ్లకి శుక్రవారం నుంచి సోమవారం దాకా ఉండే ఎడమే వారంలో అన్నిటికన్నా పెద్దది, ప్రమాదం ఎక్కువగా ఉండేదీ అప్పుడే. సరిగ్గా ఆ మధ్యలోనే ఆరాధన, ప్రేమవిందు, ఎవరో ఆప్యాయంగా కొట్టి ఇచ్చే కొబ్బరి బొండం. ఒక మోస్తరు బొండంలో 500 మిల్లీగ్రాములకు పైనే పొటాషియం ఉంటుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి సాధారణంగా రోజు మొత్తానికి 2,000 లోపే ఉండాలంటారు. తోట మనదైనా బొండం ఆయనకి వద్దు. ప్రభువు బల్లలో తీసుకునే గుక్కెడు రసానికి భయం లేదు. ప్రార్థన చేసిన నీళ్లు సీసాల్లో ఇస్తారు, అవీ రోజువారీ కొలతలోకే వస్తాయి. ఉపవాసం ఆయన చెయ్యకూడదు. రోజుకి కిలో బరువుకి ఒక గ్రాము పైనే మాంసకృత్తులు కావాల్సిన మనిషి ఆయన. పస్తుంటే కండ కరిగి పొటాషియం పెరుగుతుంది, పైగా ఉపవాసం విడిచేది పండ్లరసంతోనే. ఆయన బదులు సంఘం ఉపవాసం ఉండొచ్చు. నూనె రాసి ప్రార్థించేవాళ్లు నుదుటికే రాయాలి. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతిని ఎవరూ పట్టుకుని నొక్కకుండా, లాగకుండా మీరు పక్కనే నిలబడండి. ఆ చేతికి బీపీ పట్టీ గానీ, డయాలసిస్ సూది తప్ప వేరే సూది గానీ తగలకూడదు.

తోట తాకట్టు పెట్టొద్దు. ఈ విషయంలో నాకు సందేహం లేదు. దేవుడి కనికరానికి ధర కట్టే అధికారం ఏ దైవజనుడికీ లేదు. సణుగుకుంటూ గానీ బలవంతంగా గానీ ఇవ్వొద్దని 2 కొరింథీయులు 9లో ఉంది. తల్లిదండ్రులకు దక్కాల్సింది కొర్బాను (దేవుడికి అర్పించేశాం) అని చెప్పి ఎగ్గొట్టేవాళ్లను యేసు మార్కు 7లో గట్టిగా తప్పుపట్టాడు. భర్త వైద్యానికీ పిల్లల చదువుకీ ఉన్న తోటను కానుక పేరుతో అడిగినా అది అదే కోవలోకి వస్తుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నెలకు 10,000 రూపాయల పింఛను మీకు వస్తోందా? రాకపోతే ఆసుపత్రి కాగితాలతో గ్రామ సచివాలయానికి వెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవలో డయాలసిస్ ఉచితం.

ఆయనతో మాట్లాడేటప్పుడు అందరి ముందూ వద్దు, విశ్వాసం మీద వాదన అసలే వద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్క మాట అడగండి: "దేవుడు బాగుచేశాడని మానేశావా, విసిగిపోయి మానేశావా?" ఏడాదిన్నర సూదులు, ప్రయాణం, పిక్కలు పట్టేయడం, ఇంటికొచ్చాక లేవలేని నీరసం, ఇవన్నీ పడ్డ మనిషి ఒక్కోసారి ఆ అలసటనే విశ్వాసం పేరుతో చెబుతాడు. అలసట అయితే దానికి దారులున్నాయి. రెండు సెషన్ల మధ్య బరువు రెండు కిలోలకు మించి పెరగకుండా చూసుకుంటే మిషన్ మీద బీపీ పడిపోవడం, పిక్కలు పట్టేయడం తగ్గుతాయి. బతకాలని లేదన్న మాట వస్తే డాక్టరుకి చెప్పండి, మానసిక ఆరోగ్య సహాయ లైను 14416 టెలీమానస్‌కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మీ సొంత సంఘం పెద్దల్ని ఇంటికి పిలవండి. యాకోబు 5:14 చెప్పింది స్టేజీ గురించి కాదు, సంఘపు పెద్దలు రోగి మంచం దగ్గరికి రావడం గురించి. వాళ్లు నూనె రాసి ప్రార్థిస్తారు. సోమ, బుధ, శుక్రవారాలకి ఒక్కొక్కరు ఆయన్ని బండి మీద తీసుకెళ్లి తీసుకొచ్చేలా కూడా అడగండి.

మళ్లీ డయాలసిస్‌కి వెళ్లడానికి ఆయనకు అసలు అడ్డం ఆ స్టేజీ సాక్ష్యమేమో చూడండి. అంతమంది ముందు బాగైపోయానని చెప్పి, ఇప్పుడు సెంటర్‌లో కనిపించడం చాలామందికి తలకొట్టేసినట్టుంటుంది. వచ్చే ఆదివారం మీ సంఘంలో ఆయన చేత రెండు మాటలు చెప్పించండి: "దేవుడు నన్ను ఇంతవరకు కాపాడాడు. నా చికిత్స జరుగుతోంది, ప్రార్థించండి." ఆ కూటం వాళ్లు ఆయన సాక్ష్యాన్ని వీడియో తీసి ఉంటే తీసెయ్యమని మీరే ఫోన్ చేసి అడగండి. ఉద్దానంలో అది చూసి ఇంకో ఇంట్లో ఎవరో శుక్రవారం డయాలసిస్ మానుకునే ప్రమాదం ఉంది.