వారంలో వెలిసిపోయిన రంగు

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. అడవి పుట్టగొడుగుల నుంచి రంగు తీసే ప్రాజెక్టు చేసింది. రంగు వారంలోనే వెలిసిపోయిందని దిగులు. అయినా ఇందులోనే పరిశోధన చేస్తానంటోంది. దీన్ని నమ్ముకుంటే ఉద్యోగం వస్తుందా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, రంగు వెలిసిపోయిన చోటే అసలు సబ్జెక్టు మొదలవుతుంది. చీర మీద పసుపు మరక ఎండలో ఆరేస్తే పోతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది. మొదటిది వెలుతురు పని, రెండోది పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పని. పుట్టగొడుగు రంగులకూ ఇవే గండాలు. వేడి, గాలిలోని ఆక్సిజన్, ఇనుము, రాగి వాటికి తోడు. పైగా ఆ రంగులన్నీ ఒక జాతివి కావు. శాంటరెల్ అనే పుట్టగొడుగులోని పసుపు రంగు కెరోటిన్‌ది, నూనెలో కరుగుతుంది, వెలుతురుకు ఓర్చుకోదు. చెవి ఆకారపు నల్ల పుట్టగొడుగులోని మెలనిన్ అనే నల్ల రంగు మొండిఘటం, మామూలు నీళ్లకు లొంగదు, క్షారంలో కరుగుతుంది. (వానలకు మన ఏజెన్సీలో పుట్టల మీద మొలిచే తెల్లటి కొక్కులు కూరకే బాగుంటాయి, రంగుకు పనికిరావు. తెలియనివి రుచి చూడొద్దని మాత్రం అమ్మాయికి గట్టిగా చెప్పండి.)

ఉద్యోగం సంగతి. ‘పుట్టగొడుగు రంగుల నిపుణులు కావలెను’ అన్న ప్రకటన నా కంట ఇంతవరకూ పడలేదు. కొత్త రంగు తిండిలోకి రావాలంటే భద్రత పరీక్షలు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) అనుమతి కావాలి. అది నిదానంగా సాగే పని. కానీ పరవాడ ఫార్మా సిటీ మీకు దగ్గరే కదా. మందుబిళ్లల్ని 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి, ఎంత చెడిందో కొలవడం మందుల కంపెనీల్లో మామూలు పరీక్ష. దాన్ని స్టెబిలిటీ అంటారు. మీ అమ్మాయి రంగుతో తెలియకుండా మొదలుపెట్టింది అదే పని.

అందుకే పుట్టగొడుగుల పేరున్న కోర్సు కోసం వెతకొద్దు. ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ నా మొదటి ఓటు, ఫుడ్ టెక్నాలజీ రెండోది. హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద చెయ్యి తిరగాలి. పుట్టగొడుగుల మోజు డిసర్టేషన్‌లో తీర్చుకోవచ్చు. అప్పటికీ తగ్గకపోతే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీ. మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ (కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ) లాంటి చోట్లు ఉన్నాయి.

ఈలోగా అదే రంగును మళ్లీ తీసి చీకట్లో ఒక సీసా, వెలుతురులో ఒకటి, ఫ్రిజ్‌లో ఒకటి పెట్టమనండి. రోజూ రంగు గాఢతను కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్ రీడింగ్ రాసుకుంటే ఏది ఎన్నాళ్లకు సగమైందో తేలుతుంది. ఇంటర్వ్యూలో ఆ గ్రాఫు చూపిస్తే మార్కుల జాబితా కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది. ముందు, వెలిసిపోయిన ఆ మొదటి సీసా కిటికీ పక్కన పెట్టిందా, అలమారాలో పెట్టిందా, అదొక్కటీ అడగండి.